పినాకిని హాస్టల్లో గరిటె విప్లవం

పినాకిని హాస్టల్లో సాంబారు రెండోసారి పోయించుకోదలచిన విద్యార్థి ముందురోజు సాయంత్రంలోగా దరఖాస్తు పెట్టుకోవాలని వార్డెను డాక్టర్ పరాంకుశంగారు ఉత్తర్వు వేసేనాటికి, ఓబులేశుకు విప్లవం చేసే ఉద్దేశం ఏ కోశానా లేదు. ఎం.ఏ. గట్టెక్కి, ఏదైనా జూనియర్ కాలేజీలో లెక్చరరుగా చేరి, ఫ్యాను కింద నిలబడి పాఠం చెప్పుకోవాలన్నది అతని ఆశయం. చదివేది రాజనీతిశాస్త్రం కాబట్టి విప్లవాల గురించి తెలియకపోలేదు. కానీ అవన్నీ వేరే దేశాల్లో, ఇరవై మార్కుల ప్రశ్నలుగా జరిగాయి.

గొడవ నాగముని వల్ల వచ్చింది. నాగముని అతని రూమ్మేటు. జమ్మలమడుగు దగ్గర పల్లె నుంచి వచ్చిన భారీ మనిషి. సెలవులకు ఊరికి పోతే తిరునాళ్ళలో రాతిగుండు ఎత్తే పందేల్లో దిగేవాడు. హాస్టల్లో వడ్డించే మొదటి విడత సాంబారు అతని అన్నంలో ఒక మూలకు తడి తగిలించి ఆగిపోయేది. ఉత్తర్వు వచ్చాక పద్ధతి ప్రకారం దరఖాస్తు రాశాడు. కారణం అన్నచోట 'అన్నం మిగులుతోంది' అని పెట్టాడు. మర్నాటి మధ్యాహ్నం భోజనాల వేళకు జవాబు వచ్చింది.

'కారణము సంతృప్తికరముగా లేదు. అన్నము మిగులుట సాంబారు కొరతకు గాక, అన్నము అధికముగా వడ్డించుకొనుటకు నిదర్శనము. అభ్యర్థి తన అన్నమును సవరించుకొనవలెను.'

నాగముని ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పొడి అన్నం ముందు తల వంచుకుని కూర్చున్నాడు. పక్కన కూర్చున్న ఓబులేశుకు ఆ వంచిన తలను చూస్తే ముద్ద దిగలేదు. లేచి వెళ్ళి, వడ్డించేవాడి చేతిలోంచి గరిటె తీసుకుని, స్నేహితుడి పళ్ళెం నిండా సాంబారు పోశాడు. పోసినవాడు ఊరుకోకుండా ఎదుటివాడికీ పోశాడు.

సరిగ్గా అప్పుడే తనిఖీకి వచ్చిన పరాంకుశంగారు గుమ్మంలో నిలబడి, ఇది ఎవరి అనుమతితో జరుగుతోందని అడిగారు. ఓబులేశు దానికి జవాబు అనుకుని పెట్టుకోలేదు. ఏదో ఒకటి చెయ్యాలి కదా అని బల్ల ఎక్కాడు. గరిటె ఇంకా చేతిలోనే ఉంది. అది పైకి లేచింది.

"ఆకలికి అనుమతి అక్కర్లేదు," అన్నాడు.

హాల్లో పళ్ళేల మోత మొదలై, పరాంకుశంగారు హుందాగా వెనక్కి నడిచి, వరండా దాటాక పరుగెత్తేదాకా ఆగలేదు. సాయంత్రానికల్లా గోడల మీద బొగ్గుతో గరిటె పట్టుకున్న పిడికిలి బొమ్మలు వెలిశాయి. వంటవాళ్ళు కూడా బొమ్మ బాగుందన్నారు.

విశ్వవిద్యాలయం అత్యవసరంగా సమావేశమై మెస్సును ప్రయోగాత్మకంగా విద్యార్థులకు అప్పగించింది. రిజిస్ట్రారుగారి ప్రకటనలో 'విశ్వవిద్యాలయము వెనుకకు తగ్గలేదు. విద్యార్థులను ముందుకు రానిచ్చినది' అని ఉంది.

ఆ సాయంత్రమే ఓబులేశు గదికి సదానందం వచ్చాడు. వరండా చివరి గదిలో ఉండే పరిశోధక విద్యార్థి. బొద్దుమీసం, లావుపాటి కళ్ళజోడు. 'రైతాంగ పోరాటాలలో నాయకత్వ సమస్య' మీద అతని పరిశోధన ఓబులేశు ఇంటరులో ఉన్నప్పటినుంచీ సాగుతోంది. నాయకుడు దొరక్క ఆగిందని అతనే చెప్పుకునేవాడు. రాగానే ఓబులేశును కౌగిలించుకుని, చరిత్ర నిన్ను ఎన్నుకుందని తెలియజేశాడు. ఓబులేశు అనే పేరుతో మాత్రం విప్లవం నడవదనీ, అది నరసింహస్వామి పేరనీ, అందులో దేవుడు తప్ప సామాన్యుడు కనపడడం లేదనీ చెప్పి, అప్పటికప్పుడే కామ్రేడ్ ఉదయ్ అని పేరు పెట్టాడు. ఓబులేశుకు పేరు నచ్చింది. రాత్రి అద్దంలో చూసుకుంటూ రెండుమూడు సార్లు పలికి చూసుకున్నాడు. నాగముని మాత్రం ఓబులేశూ అనే పిలుస్తూ వచ్చాడు.

'ఎవరి ఆకలికి తగినంత వారికి' అన్నది విప్లవ సిద్ధాంతం. మొదట్లో అది స్వర్గంలా నడిచింది. కావలసినవాడు కావలసినంత తిన్నాడు, రేపు ఉంటుందో ఉండదోనని అక్కర్లేనివాడు కూడా తిన్నాడు. ప్రయోగశాలల నుంచి ఆలస్యంగా వచ్చే సైన్సు విద్యార్థులకు మాత్రం గిన్నెల అడుగులు కనపడసాగాయి. వాళ్ళు ఓబులేశు గది ముందు కూర్చుని, విప్లవం ఆర్ట్సు వాళ్ళకేనా అని అడిగారు.

రేపట్నుంచి ఎసట్లో ఇంకొన్ని బియ్యం ఎక్కువ పోయిస్తే సరిపోతుందని నాగముని అన్నాడు. సదానందం కళ్ళజోడు తుడుచుకుని జాలిగా నవ్వాడు. అది సంస్కరణవాదమట. వార్డెను కూడా అలాంటి పనే చేసి ఉండేవాడట. అసలు సమస్య బియ్యానిది కాదని, ఎవరి ఆకలి ఎంతో తేల్చకుండా ఆకలికి తగినంత అనడంలోనే సిద్ధాంతపరమైన డొల్లతనం ఉందని అతను చెప్పాడు. ఆకలి రెండు రకాలు: ఉన్న ఆకలి, ఉందనుకునే ఆకలి. మొదటిదానికి అన్నం పెట్టాలి, రెండోదానికి చైతన్యం కలిగించాలి. ఓబులేశుకు ఇందులో లోపం కనపడలేదు. ఆ విధంగా ఆకలి నిర్ణాయక మండలి ఏర్పడింది.

మండలి సభ్యులు భోజనశాల గుమ్మంలో బల్ల వేసుకుని కూర్చునేవారు. వచ్చిన ప్రతివాడి నాలుక చూసేవారు. పుచ్చకాయ కొనేవాడు తట్టినట్టు పొట్ట మీద తట్టి, చెవి ఆనించి వినేవారు. చివరిసారి ఏం తిన్నావు, ఇంటినుంచి ఊరగాయ ఏమైనా వచ్చిందా, నిన్న సాయంత్రం గేటు అవతల పుల్లమ్మ టిఫిను బండి దగ్గర ఏం చేస్తున్నావు అని విచారించేవారు. తర్వాత మణికట్టు మీద ముద్ర వేసేవారు. 'తీవ్ర' ముద్ర పడితే పూర్తి భోజనం. 'మధ్యమ' అయితే సగం. 'నామమాత్ర' అయితే చారు.

కుర్రాళ్ళు తెలివైనవాళ్ళు. భోజనాలకు ముందు మిట్టమధ్యాహ్నం ఎండలో మైదానం చుట్టూ పరుగులు మొదలుపెట్టారు. చాలాకాలంగా మైదానంలో గేదెలను తప్ప ఎవరినీ చూడని వ్యాయామ అధికారి ఆనందం పట్టలేకపోయాడు. నాటక సంఘం వాళ్ళు బుగ్గలు లోపలికి పీల్చి మాట్లాడడం నేర్పారు. అంతలో విశ్వవిద్యాలయం గేటు ఎదుట ఒక మేడమీద 'తీవ్ర ఆకలికి శిక్షణ ఇవ్వబడును, నాలుకకు ప్రత్యేక శ్రద్ధ' అని బోర్డు వెలిసింది. అక్కడ చేరినవాళ్ళకు ముద్రలు బాగా పడుతున్నాయని పేరు రావడంతో, ఊళ్ళోనుంచి రోజూ ఇంటి భోజనం చేసి వచ్చే పిల్లలు కూడా చేరారు.

వరస నానాటికీ పొడుగయింది. మధ్యాహ్నం ఆకలి నిర్ణయం పూర్తయ్యేసరికి సాయంత్రమయ్యేది. దాంతో చివరనున్నవాళ్ళకు ఏ శిక్షణా అవసరం లేకుండానే తీవ్ర ముద్ర పడేది. అందరూ తీవ్రులైపోతున్నారని మండలి కొన్నాళ్ళు సంబరపడింది. ఆ తర్వాత, అందరూ తీవ్రులైతే ఎవరూ తీవ్రులు కానట్టేనని సదానందం కొత్త సూత్రం తెచ్చాడు. నీకు ఆకలిగా ఉందా అని అడగడం మానేసి, నీ వెనకవాడికంటే నీకు ఎక్కువ ఆకలిగా ఉందని రుజువు చెయ్యమనడం మొదలైంది. వరసలో మాటలు ఆగిపోయాయి. ముందువాడు వెనకవాడి పొట్టకేసి అనుమానంగా చూడసాగాడు.

ఇదంతా జరుగుతుంటే ఓబులేశు ఏం చేశాడంటే, నాయకుడు అందరికంటే తక్కువ తినాలని నిశ్చయించుకుని తనకు తానే శాశ్వత నామమాత్ర ముద్ర వేయించుకున్నాడు. రెండు పూటలా చారు తాగేవాడు. అందులో దొంగతనం లేదు, నటన లేదు. బుగ్గలు పీక్కుపోయాయి, కళ్ళు పెద్దవయ్యాయి. గోడల మీద పిడికిలి బొమ్మ పోయి అతని ముఖం బొమ్మ వచ్చింది. ఖాళీ కడుపుతో అతని ఉపన్యాసం మునుపటికంటే బాగుందని అందరూ అన్నారు. మిగతా హాస్టళ్ళవాళ్ళు కూడా వినడానికి వచ్చేవారు. బల్ల మీద నిలబడి మాట్లాడుతుంటే కింద తలలన్నీ ఒక్కటిగా కదలడం చూసి, ఓబులేశుకు కళ్ళు తిరిగేవి. అది చరిత్ర గమనమని అనుకునేవాడు.

ఇంతలో ఉన్నత ప్రమాణాల పరిశీలక సంఘం విశ్వవిద్యాలయానికి వచ్చింది. పరాంకుశంగారు భయపడుతూనే వాళ్ళను హాస్టల్‌కు తీసుకొచ్చారు. సంఘం పెద్దలు వరస పొడుగునా నడిచి చూశారు, గీకిన గిన్నెలు చూశారు, పళ్ళెం నాకుతున్న ఒక గణితశాస్త్ర విద్యార్థి దగ్గర ఆగి భుజం తట్టారు. సభలో సంఘాధ్యక్షులవారు ఇలా సెలవిచ్చారు:

"వ్యర్థము శూన్యము. విద్యార్థులలో ఆహారమునెడల ఇంతటి ఆసక్తి మేము సందర్శించిన ఏ విద్యాసంస్థయందును కానరాలేదు. క్యూ పద్ధతివలన సహనము, పరుగువలన దేహదార్ఢ్యము, విచారణవలన సత్యసంధత అలవడుచున్నవి. ఈ విప్లవమును అన్ని హాస్టళ్ళకును విస్తరింపజేయవలసినదిగా సిఫారసు చేయుచున్నాము."

పరాంకుశంగారు వేదికెక్కి, ఈ మహోద్యమ బీజం తన సాంబారు ఉత్తర్వులోనే ఉన్నదని వినయంగా మనవి చేసుకున్నారు. ఆపైన ఓబులేశుకు శాలువా కప్పారు. విప్లవం ఇకమీదట విశ్వవిద్యాలయంలో శాశ్వత విభాగమనీ, కామ్రేడ్ ఉదయ్ దానికి గౌరవ విప్లవాధికారి అనీ రిజిస్ట్రారుగారు ప్రకటించారు. వార్డెను గది పక్కనే ఛాంబరు ఇచ్చారు. అందులో ఫ్యాను ఉంది. ఓబులేశు ఆ మధ్యాహ్నం దాని కింద కాసేపు ఊరికే నిలబడ్డాడు.

ఆ ఛాంబరులోకే సదానందం కొత్త తీర్మానం పట్టుకొచ్చాడు. కొందరి శరీరాల్లో ముందునుంచీ పేరుకున్న నిల్వలు ఉన్నాయట. వాళ్ళు బయటికి ఎంత ఆకలి చూపినా లోపల గిడ్డంగి ఉంటుందట. అలాంటివాళ్ళను నిల్వదార్లుగా ప్రకటించి శాశ్వతంగా నామమాత్రంలో ఉంచాలని తీర్మానం. మొదటి పేరు నాగమునిది.

ఓబులేశు ఆ పేరు రెండుసార్లు చదివాడు. వీడికోసమే కదా మనం మొదలుపెట్టింది అని నసిగాడు. సదానందం గొంతు పెంచలేదు. నీ స్నేహితుడని వదిలేస్తే రేపు అందరి స్నేహితులనూ వదలాలనీ, అప్పుడు నీకూ పరాంకుశానికీ తేడా ఏమిటనీ మెల్లగా అడిగాడు. చారు మీద బతుకుతున్న తలకు అది తిరుగులేని వాదనలా తోచింది. ఓబులేశు సంతకం పెట్టాడు.

సాయంత్రం గదికి వెళ్ళేసరికి నాగముని పరుపు చుట్టుకుంటున్నాడు. నోటీసుబోర్డు చూసి వచ్చినట్టున్నాడు. ఓబులేశు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"యాడికి?"

"బయట రూము చూసుకున్న్యా."

"నాగమునీ, నీ మీద కోపంతో చేసింది కాదురా ఇది. సూత్రం."

నాగముని తాడు ముడి బిగించాడు. "తెలుసులేప్పా," అన్నాడు. "వార్డెను చేసింది గూడా నా మీద కోపంతో కాదులే."

పరుపు భుజాన వేసుకుని, గుమ్మంలో నిలబడ్డవాడికి తగలకుండా పక్కకు ఒదిగి, వెళ్ళిపోయాడు.

ఆ రాత్రినుంచి ఓబులేశుకు నిద్ర సరిగా పట్టలేదు. ఖాళీ మంచం అతనికేసి చూస్తున్నట్టుండేది. ఉపన్యాసాల్లో మాట తడబడసాగింది. చరిత్ర గమనం అనుకున్నది వట్టి కళ్ళు తిరగడమేనేమోనని మొదటిసారి అనుమానం వచ్చింది. చివరికి సర్వసభ్య సమావేశంలో లేచి, తనకు తోచింది చెప్పేశాడు. మండలిని రద్దు చేద్దాం, బియ్యం ఇంకొంచెం ఎక్కువ వండిద్దాం, కడుపు నిండేదాకా వడ్డిద్దాం అన్నాడు.

సదానందం లేచి, నాయకుడి ప్రతిపాదనను మండలి గౌరవిస్తుందనీ, కాకపోతే దాన్ని చర్చకు తీసుకునేముందు నాయకుడు ఏ స్థితిలో ఈ మాట అంటున్నాడో తెలుసుకోవడం శాస్త్రీయమనీ చెప్పాడు. ఏ స్థితి అని ఓబులేశు అడిగాడు.

"ఆకలి స్థితి," అన్నాడు సదానందం.

ఓబులేశు సభ వంక చూశాడు. "నాకు ఆకలిగా ఉంది," అన్నాడు. "చాలా రోజులనుంచి ఉంది."

మండలి సభ్యులు వేదిక మీదే అతని నాలుక చూశారు. పొట్ట మీద తట్టి విన్నారు. పక్కకు వెళ్ళి సంప్రదించుకుని వచ్చారు. ఇన్నాళ్ళూ నామమాత్ర ముద్రలో ఉన్న మనిషికి ఆకలి ఉండడానికి వీల్లేదని వాళ్ళు తేల్చారు. ఉంటే, ఇన్నాళ్ళూ దాన్ని ప్రజల దగ్గర దాచినట్టు. లేకుంటే, ఇప్పుడు అబద్ధమాడుతున్నట్టు. ఎలా చూసినా విప్లవద్రోహమే. అతన్ని నాయకత్వం నుంచి తొలగించే తీర్మానాన్ని బలపరిచేవాళ్ళు చేతులెత్తాలనీ, ఎత్తిన చేతికి అక్కడికక్కడే తీవ్ర ముద్ర వేస్తారనీ ప్రకటించారు. భోజనాల వేళ దాటి చాలాసేపయింది. హాల్లో ఎత్తని చెయ్యి లేదు. కొందరు రెండు చేతులూ ఎత్తారు.

గోడల మీది బొమ్మలు చెరిపేద్దామంటే హాస్టల్లో సున్నం లేదు. అందుకని బొమ్మకు బొద్దుమీసం, లావుపాటి కళ్ళజోడు తగిలించి సరిపెట్టారు. పోలిక బాగానే కుదిరింది. మర్నాడు విశ్వవిద్యాలయం ఉత్తర్వు వచ్చింది. 'ప్రజాభీష్టమును శిరసావహించి గౌరవ విప్లవాధికారిని విధులనుండి తప్పించడమైనది. ఛాంబరు తాళపుచెవి, శాలువా తక్షణమే అప్పగించవలెను.' అవి తీసుకుంటూ పరాంకుశంగారు నిజంగానే నొచ్చుకున్నారు. విప్లవాలదేముంది, వస్తుంటాయి పోతుంటాయి, హాజరు సంగతి చూసుకోవయ్యా, నీకు బాగా తగ్గింది అని ఓదార్చారు.

ఓబులేశు గేటు దాటి బయటికొచ్చాడు. ఎక్కడికో తెలియదు. రోడ్డుకు అవతల పుల్లమ్మ బండి దగ్గర బెంచీ మీద నాగముని కూర్చుని మిరపకాయ బజ్జీలతో బొరుగుల ఉగ్గాని తింటున్నాడు. ఓబులేశు రోడ్డుకు ఇవతలే ఆగాడు. నాగముని చూశాడు. రమ్మనలేదు, ముఖం తిప్పుకోనూ లేదు. ఒక బస్సు పోయింది. అది పోయాక కూడా ఓబులేశు అక్కడే ఉన్నాడు. ఆ తర్వాత రోడ్డు దాటి బెంచీ పక్కన నిలబడ్డాడు.

"ఆ సంతకం పెట్టకుండా ఉండాల్సింది," అన్నాడు.

నాగముని నోట్లో ముద్ద నమిలి మింగాడు. "ఉండాల్సిందే."

ఇన్నాళ్ళు బల్లల మీద అన్ని మాటలు మాట్లాడినవాడికి ఇప్పుడు ఒక్కటీ దొరకలేదు. నాగముని బెంచీ మీద కొంచెం పక్కకు జరిగి, పుల్లమ్మతో ఇంకో ప్లేటు పెట్టమన్నాడు.

"నా కోపం పోలేదప్పా. అది తర్వాత చూసుకుందాం. ముందు తిను."

ఓబులేశు తిన్నాడు. బజ్జీ కొరికినప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిరపకాయ ఘాటుగా ఉందన్నాడు. నాగముని నమ్మినట్టే ఊరుకుని, తన ప్లేటులోది ఇంకొకటి అతని ప్లేటులో వేశాడు.

రెండో ప్లేటు మధ్యలో ఉండగా గేటులోంచి కుర్రాళ్ళ గుంపు వచ్చింది. చేతులెత్తినవాళ్ళే. మణికట్ల మీద ముద్రలు ఇంకా చెరగలేదు. నిన్న వేసిన తీవ్ర ముద్రలు చెల్లవని, అవి ఆకలికి కాక అభిప్రాయానికి వేసినవని సదానందం ఈ పొద్దున తేల్చాడట. ఇక భరించలేమనీ, మళ్ళీ తిరగబడాలనీ, దానికి ఓబులేశే ముందు నడవాలనీ వాళ్ళు అడిగారు. ఒకడు కామ్రేడ్ ఉదయ్ వర్ధిల్లాలి అని మొదలుపెట్టి, బాణలిలో బజ్జీలు చుయ్యిమనడంతో మధ్యలో మరిచిపోయాడు.

ఓబులేశు తలెత్తి వాళ్ళ ముఖాలు చూశాడు. "ముందు కూర్చోండి," అన్నాడు. "తిన్నాక మాట్లాడదాం."

బెంచీ నిండింది. మిగిలినవాళ్ళు రోడ్డు వారనే కూలబడ్డారు. అలవాటు కొద్దీ ఒక కుర్రాడు పుల్లమ్మ ముందుకు వెళ్ళి నోరు తెరిచి నాలుక చాపాడు. పచ్చడి కావాలేమో అనుకుని ఆమె ఒక గరిటెడు వేసింది. నాగముని లేచి ప్లేట్లు అందించసాగాడు. అవతల భోజనశాల గుమ్మంలో, వరసలో ఎవరూ లేక, మండలి సభ్యులు ఒకరి నాలుక ఒకరు చూసుకుంటున్నారని ఆలస్యంగా వచ్చినవాడొకడు చెప్పాడు. విన్నవాళ్ళు తలూపారు గానీ, తినడం ఆపలేదు.

అందరూ తినడం అయ్యాక, విప్లవం సంగతేమిటని ఎవరో గుర్తుచేశారు. అవునన్నారు. ఎవరు మాట్లాడతారని చూశారు. ఓబులేశు చెట్టుకు ఆనుకుని కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. నాగముని అప్పటికే బెంచీ మీద పడుకుని గుర్రు పెడుతున్నాడు. మిగిలినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆవులించారు.

ఆ పూట విప్లవం రాలేదు. అందరికీ నిద్ర వచ్చింది.